పెళ్ళిళ్ళలో రాటుదేలిన లోస్ లోబోస్



పెళ్ళిళ్ళకు వాయించేవాళ్ళను సంగీత చరిత్రలు పెద్దగా పట్టించుకోవు. కచేరీలు చేసినవాళ్ళ పేర్లు, రికార్డులు బాగా అమ్ముడైనవాళ్ళ పేర్లు పుస్తకాలకెక్కుతాయి. పెళ్ళికి వాయించినవాళ్ళు భోజనం చేసి, డబ్బు తీసుకుని, వాయిద్యాలు సర్దుకుని వెళ్ళిపోతారు. కానీ సంగీతకారుడికి అంతకన్నా గట్టి పరీక్ష ఇంకోటి లేదని నా నమ్మకం. ఒకే సాయంత్రం, ఒకే ఆవరణలో డెబ్భై ఏళ్ళ అమ్మమ్మకూ నచ్చాలి, పదహారేళ్ళ మనవడికీ నచ్చాలి. అక్కడున్నవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు కారు. బాగుంటే లేచి ఆడతారు. బాగోకపోతే పక్కవాళ్ళతో కబుర్లలో పడతారు.

అమెరికాలో ఒక రాక్ బృందం ఈ పరీక్షను ఏళ్ళ తరబడి రాసింది. పేరు లోస్ లోబోస్. స్పానిష్‌లో తోడేళ్ళు అని అర్థం. 1973లో మొదలైంది. తొలి రోజుల్లో కూడిన నలుగురు, అంటే డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్, సీజర్ రోసాస్, కాన్రాడ్ లొజానో, యాభై ఏళ్ళు దాటినా విడిపోలేదు. 1984లో వచ్చి చేరిన శాక్సఫోన్ వాద్యకారుడు స్టీవ్ బెర్లిన్ కూడా ఎక్కడికీ పోలేదు. పేరొచ్చాక కొట్లాడుకుని చీలిపోవడం రాక్ బృందాల్లో మామూలు సంగతి. వీళ్ళెలా నిలిచారు? జవాబు ఆ పెళ్ళిళ్ళలోనే ఉందని నాకనిపిస్తుంది. అదెలాగో ఈ ప్రసంగంలో చెబుతాను.

లాస్ ఏంజెలెస్ అనగానే మనకు హాలీవుడ్ గుర్తొస్తుంది. అక్కడినుంచి నది దాటి తూర్పుకు వెళ్తే ఈస్ట్ లాస్ ఏంజెలెస్ వస్తుంది. పేరులో నగరం ఉంది గానీ, పరిపాలనలో అది ఆ నగరంలో భాగం కాదు, కౌంటీ కింద ఉండే ప్రాంతం. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు అక్కడ తరతరాలుగా ఉంటున్నారు. అమెరికాలో పుట్టి పెరిగిన ఈ కొత్త తరాలవాళ్ళు తమను చికానోలని చెప్పుకున్నారు. బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్షించే రోజులవి. 1968 మార్చిలో అక్కడి హైస్కూలు పిల్లలు మంచి చదువు కావాలని, తమ చరిత్ర తమకు నేర్పాలని తరగతులు వదిలి వేలల్లో రోడ్డెక్కారు. అలా బయటికొచ్చిన బడుల్లో గార్ఫీల్డ్ హైస్కూలు ఒకటి. హిడాల్గో, పెరెజ్ స్నేహితులైంది ఆ బడిలోనే. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అదే వీధుల్లో పెద్ద ఊరేగింపు జరిగింది. అది చెదిరిపోయి అల్లకల్లోలమైన ఆ రోజునే రూబెన్ సాలజార్ అనే పాత్రికేయుడు పోలీసులు పేల్చిన బాష్పవాయు గుండు తగిలి చనిపోయాడు. ఈ గాలి పీల్చి పెరిగిన పిల్లలు వీళ్ళు.

అయితే వాళ్ళు మొదట వాయించింది మెక్సికో సంగీతం కాదు. అందరు కుర్రాళ్ళలాగే ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకుని వేర్వేరు బృందాల్లో రాక్ వాయించారు. హిడాల్గోకూ పెరెజ్‌కూ మాత్రం వింత అభిరుచులుండేవి. రాండీ న్యూమన్, రై కూడర్ రికార్డులతోపాటు ఇంగ్లండుకు చెందిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్‌ను ఇష్టంగా వినేవాళ్ళు. ఆ ఇంగ్లీషు బృందం చేసిందేమిటంటే, తమ పల్లెల పాత జానపదాలను తీసుకుని రాక్ వాయిద్యాలతో పాడింది. ఎక్కడో ఇంగ్లండు కుర్రాళ్ళు తమ తాతల పాటలకేసి తిరిగితే, ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కుర్రాళ్ళకు మన తాతల పాటలేవి అన్న ప్రశ్న పుట్టకుండా ఉంటుందా?

ఇళ్ళలో అమ్మానాన్నలు వినే పాత రికార్డులు ఉండనే ఉన్నాయి. చిన్నప్పుడు చెవిన పెట్టని పాటలే ఇప్పుడు కూర్చుని వింటే అంత సులువుగా చేతికి రాలేదు. మెక్సికోలోని వెరాక్రూజ్ తీరపు సోన్ హరోచో పాటల్లో స్పెయిన్ తంత్రీ వాయిద్యాలు, ఆఫ్రికా లయ, అక్కడి మూలవాసుల ధోరణి కలగలిసి ఉంటాయి. అందులో హరానా అనే చిన్న గిటారు వంటి వాయిద్యం ఉంది. దాన్ని అతుకులేకుండా ఒకే చెక్క దిమ్మెలోంచి తొలుస్తారు, మన బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తీర్చినట్టు. దానికి తోడు రెకింతో, బొజ్జంత పెద్ద గితార్రోన్, పన్నెండు తీగల బాహో సెక్స్తో. రాక్‌లో ఆరితేరిన చేతులు వీటి ముందు మళ్ళీ ఓనమాలు దిద్దాయి. ఫ్రాంక్ గొంజాలెజ్ అనే మరో మిత్రుడు కూడా ఆ తొలి రోజుల్లో వీళ్ళతో ఉండి, ఈ దారి పట్టించినవాళ్ళలో ముఖ్యుడయ్యాడు. తర్వాత కొన్నేళ్ళకు బయటికి వెళ్ళిపోయాడు.

ఇక అక్కణ్నుంచి పెళ్ళిళ్ళు, నామకరణాలు, పెరటి విందులు, మెక్సికన్ హోటళ్ళు, చర్చి ఉత్సవాలు. రాక్ వినే వయసులో ఉన్న కుర్రాళ్ళు పొడుగు జుట్టుతో వచ్చి, అమ్మమ్మల కాలపు పాటలను పొల్లుపోకుండా వాయిస్తుంటే పెద్దవాళ్ళు ఎంత మురిసిపోయి ఉంటారో ఊహించండి. తమ పిల్లలు ఇంగ్లీషు పాటల్లో పడి తమకు దూరమైపోయారని దిగులుపడుతున్న కుటుంబాలవి. 1976లో సీజర్ చావెజ్ నాయకత్వంలోని వ్యవసాయ కార్మికుల సంఘం కోసం ‘సీ సే ప్వేదే’ అనే రికార్డు వచ్చింది. అందులో ప్రధానంగా వాయించింది ఈ కుర్రాళ్ళే. 1978లో సొంతంగా ఒక రికార్డు వేసుకున్నారు. దానికి ‘జస్ట్ అనదర్ బ్యాండ్ ఫ్రమ్ ఈస్ట్ ఎల్.ఎ.’ అని పేరు పెట్టారు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన ఇంకో బృందం, అంతే. ఆ పేరులోని అణకువ నటన కాదు. వాళ్ళు ఆ పేటకు వాయించే మనుషులుగానే తమను చూసుకున్నారు.

ఆ తర్వాత హిడాల్గో అకార్డియన్ పట్టాడు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ, చెక్ ప్రాంతాల నుంచి టెక్సస్‌కు, ఉత్తర మెక్సికోకు వలస వచ్చినవాళ్ళు తెచ్చిన వాయిద్యమది. దాంతోపాటు పోల్కా నడక కూడా వచ్చి స్థానికుల పాటల్లో కలిసిపోయింది. సరిహద్దుకు రెండువైపులా నాట్యాలకు అదే ఊపు. ఆ అకార్డియన్ చేతికి రాగానే వీళ్ళకు పాత రాక్ అండ్ రోల్ కూడా దగ్గరే కనిపించింది, రెండూ మనుషులను ఆడించడానికి పుట్టినవే కదా. మూలపడేసిన ఎలక్ట్రిక్ గిటార్లు మళ్ళీ బయటికొచ్చాయి.

1980లో ఒక దెబ్బ తగిలింది. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం నుంచి బయటికొచ్చిన జాన్ లైడన్ కొత్త బృందం పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ లాస్ ఏంజెలెస్‌లోని ఒలింపిక్ ఆడిటోరియంలో కచేరీ పెట్టింది. ముందుగా వాయించే అవకాశం లోస్ లోబోస్‌కు వచ్చింది. వాళ్ళు తమ జానపద వాయిద్యాలతోనే వేదికెక్కారు. పంక్ శ్రోతలు అరిచారు, ఉమ్మారు, చేతికందినవన్నీ విసిరారు. కాసేపటికే దిగిపోవాల్సి వచ్చింది. వేరేవాళ్ళైతే ఆ నదికి పడమటి వైపు మళ్ళీ చూసేవాళ్ళు కాదు. వీళ్ళు మాత్రం ఆ గోలలో ఉన్న శక్తిని గుర్తించారు. ఆ కుర్రాళ్ళు వినే సంగీతంలోనూ తమకిష్టమైన మొరటుదనం, వేగం ఉన్నాయని తెలుసుకున్నారు. రెండేళ్ళు తిరగకుండా 1982లో విస్కీ ఎ గోగో క్లబ్బులో బ్లాస్టర్స్ అనే రాక్ బృందానికి ముందు వాయించి, అదే రకం శ్రోతల చేత ఆడించారు. నాకు ఈ ఘట్టం చాలా ముఖ్యం. వినేవాళ్ళు తిరస్కరించినప్పుడు వాళ్ళను తిట్టుకోకుండా, వాళ్ళకేం కావాలో కనిపెట్టడం పెళ్ళి వాద్యకారుడి విద్య.

బ్లాస్టర్స్‌లో శాక్సఫోన్ వాయించే స్టీవ్ బెర్లిన్‌కు వీళ్ళు తెగ నచ్చారు. పంక్ రికార్డులకు పేరుపడ్డ స్లాష్ సంస్థ 1983లో ఏడు పాటల చిన్న రికార్డు ‘అండ్ ఎ టైమ్ టు డాన్స్’ విడుదల చేసింది. దాన్ని టీ బోన్ బర్నెట్‌తో కలిసి నిర్మించింది బెర్లినే. అందులోని ‘అన్సెల్మా’ అనే స్పానిష్ పాటకు మెక్సికన్ అమెరికన్ సంగీత విభాగంలో గ్రామీ పురస్కారం వచ్చింది. బెర్లిన్ బ్లాస్టర్స్‌ను వదిలి ఇటే వచ్చేశాడు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన మనిషి, స్పానిష్ నేపథ్యం లేనివాడు. అయినా అతని బారిటోన్ శాక్స్ మందమైన స్వరం ఆ అకార్డియన్ కింద ఎంత చక్కగా ఒదిగిందో వింటేగానీ తెలియదు.

1984లో పూర్తి నిడివి రికార్డు ‘హౌ విల్ ద వుల్ఫ్ సర్వైవ్?’ వచ్చింది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అంతరించిపోతున్న తోడేళ్ళ గురించి వచ్చిన వ్యాసం చదివి పెరెజ్‌కు ఆ ఆలోచన పుట్టింది. తోడేలు ఎలా బతికి బట్టకడుతుందన్న ప్రశ్నలో పొలాల్లో కూలి చేసే వలస మనిషి ఉన్నాడు, పాత భాషా ఉంది, ఈ బృందమూ ఉంది. అదే రికార్డులో ‘ఎ మ్యాటర్ ఆఫ్ టైమ్’ అని ఒక పాట ఉంది. పని వెతుక్కుంటూ ఉత్తరానికి బయల్దేరే మగవాడు, తెల్లారేలోపు ఇంటి మనిషికి చెప్పే మాటలు. నినాదం ఒక్కటి లేదు, కోపం ఒక్కటి లేదు. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ ఇళ్ళున్న కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల శ్రోతలకు ఆ పాటను విడమరిచి చెప్పక్కర్లేదు. హిడాల్గో గొంతు గురించి ఇక్కడే చెప్పాలి. ఎత్తుగా, తేటగా ఉంటుంది, ఎక్కడా బడాయి పోదు. సీజర్ రోసాస్ గొంతు దానికి పూర్తిగా వేరు, బ్లూస్ గరుకుదనంతో వస్తుంది. మెక్సికోలోని హెర్మోసియోలో పుట్టి చిన్నప్పుడే లాస్ ఏంజెలెస్‌కు వచ్చినవాడాయన. పెరెజ్ ఎక్కువగా మాటలు రాస్తాడు, హిడాల్గో వాటికి స్వరం కడతాడు. గిటారిస్టు అయిన పెరెజ్, డ్రమ్స్ వాయించే మనిషి లేకపోతే ఏళ్ళ తరబడి తనే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు.

ఇక 1987. ‘లా బాంబా’ పాటను మీలో చాలామంది విని ఉంటారు. అది వెరాక్రూజ్ సోన్ హరోచో పాట, పెళ్ళిళ్ళలో పాడేది. దానికి ఆడే జంట నేలమీద పరిచిన పొడవాటి రిబ్బనును చేతులు తాకించకుండా పాదాలతోనే ముడివేయాలి. 1958లో రిచీ వాలెన్స్ అనే కుర్రాడు ఆ పాటను రాక్ అండ్ రోల్‌గా మార్చి పాడాడు. అసలు పేరు రిచర్డ్ వాలెన్సుయేలా, లాస్ ఏంజెలెస్‌లోని పకోయిమా పేటవాడు, స్పానిష్ అంతంతమాత్రంగా వచ్చినవాడు. 1959 ఫిబ్రవరి 3న బడీ హాలీ, బిగ్ బాపర్ అనే గాయకులతో కలిసి విమాన ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి వయసు 17.

లూయీస్ వాల్దెజ్ అతని జీవితాన్ని సినిమాగా తీసినప్పుడు, పాటలు లోస్ లోబోస్ చేయాలని వాలెన్స్ కుటుంబం కోరుకుంది. ఈ దర్శకుడు కూడా వ్యవసాయ కార్మికుల ఉద్యమంలో నాటకాలు వేసి ఎదిగినవాడే. సినిమాలో ఒక దృశ్యం ఉంది. రిచీ సరిహద్దు దాటి తిహువానా వెళ్తాడు, అక్కడ ఒక బృందం ‘లా బాంబా’ను పాత పద్ధతిలో వాయిస్తుంటుంది. ఆ బృందంగా కనిపించేది లోస్ లోబోసే. ఆ కొద్ది నిమిషాల్లో తమ జీవితాన్నే వాళ్ళు నటించారు.

1987 ఆగస్టులో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు అక్కడే ఉంది. పూర్తిగా స్పానిష్‌లో ఉన్న పాట ఆ స్థానానికి రావడం అదే మొదటిసారి. వాలెన్స్ బతికున్నప్పుడు అతని పాట 22వ స్థానం దగ్గర ఆగింది. బ్రిటన్‌లోనూ లోస్ లోబోస్ పాట మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ రికార్డును చివరిదాకా వినమని నా మనవి. రాక్ గిటార్ల హోరు తగ్గాక హరానా వంటి తంత్రుల చప్పుడుతో పాట తన సొంత ఊరికి, వెరాక్రూజ్‌కు వెళ్ళిపోతుంది. కోట్లమంది వింటున్న సమయంలో ఆ పాట పుట్టిల్లు ఎక్కడో చూపించారు.

అంత పెద్ద విజయం తర్వాత ఎవరైనా ఏం చేస్తారు? అలాంటి పాటలే ఇంకో పది చేస్తారు. వీళ్ళు 1988లో ‘లా పిస్తోలా ఇ ఎల్ కొరాసోన్’ అనే రికార్డు చేశారు. తొమ్మిది పాటలు, అన్నీ స్పానిష్, ఎక్కువగా పాత జానపదాలు, జానపద వాయిద్యాలతో. ‘లా బాంబా’ కోసం వచ్చిన శ్రోతల్లో చాలామందికి ఇది అక్కర్లేదని తెలిసే చేశారు. దానికి గ్రామీ వచ్చింది, అమ్మకాలు మాత్రం వేరే కథ. నా దృష్టిలో ఆ బృందం ప్రాణం కాపాడింది ఆ నిర్ణయమే. లేకపోతే ఒక్క పాటకు బందీలై, ఊరూరా దాన్నే వాయించుకుంటూ కరిగిపోయేవాళ్ళు.

తర్వాత 1990లో ‘ద నైబర్‌హుడ్’. దాని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే 1992లో ‘కీకో’ వచ్చింది. మిచెల్ ఫ్రూమ్ నిర్మాత, చాడ్ బ్లేక్ ధ్వనిముద్రణ. పదహారు పాటలు. అంతకుముందు వీళ్ళ రికార్డుల్లో ఇది జానపదం, ఇది బ్లూస్, ఇది రాక్ అని వేలెత్తి చూపించగలిగేవాళ్ళం. ‘కీకో’లో ఆ గోడలు కూలిపోయాయి. ‘కీకో అండ్ ద లావెండర్ మూన్’లో అకార్డియన్, శాక్సఫోన్ కలిసి ఏదో పాత కాలపు నాట్యశాల కలలోకి వచ్చినట్టు వినిపిస్తాయి. ‘సెయింట్ బిహైండ్ ద గ్లాస్’లో ఇంట్లో అద్దం వెనక నిలబెట్టిన దేవుడి బొమ్మ ఆ ఇంటి మంచిచెడ్డలన్నీ చూస్తూ ఉంటుంది. వాయిద్యాలు వెరాక్రూజ్‌వి, భాష ఇంగ్లీషు, ధ్వని మాత్రం అంతకుముందు ఎవరూ వినిపించనిది. డ్రమ్స్ ఎక్కడో రేకుడబ్బాలో మోగుతున్నట్టు, గిటారు పక్కగదిలోంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. అయినా ఆ ప్రయోగం ఎక్కడా ప్రదర్శనకోసం చేసినట్టుండదు. పేదింటి పిల్లల భయాలు, తాగుడు, చావు, చిన్న చిన్న పండగలు, అన్నీ ఒక పసివాడి కళ్ళతో చూసినట్టు ఉంటాయి. ఆ దశాబ్దంలో అమెరికాలో వచ్చిన అత్యుత్తమ రికార్డుల్లో అదొకటని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఆ ఉత్సాహంలోనే హిడాల్గో, పెరెజ్, ఫ్రూమ్, బ్లేక్ నలుగురూ లాటిన్ ప్లేబాయ్స్ అనే వేరే పేరుతో ఇంకా సాహసమైన సంగీతం చేశారు.

ఇంత గంభీరమైన పని చేసిన చేతులే పిల్లలకూ వాయించాయి. సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం కోసం ఆ ‘కీకో’ పాటనే ఎల్మో బొమ్మ పేరుతో మార్చి పాడారు. 1995లో చికానో సంగీతానికి పితామహుడు లాలో గెరేరోతో కలిసి పిల్లల రికార్డు ‘పాపాస్ డ్రీమ్’ చేశారు. అదే ఏడు వచ్చిన ‘డెస్పెరాడో’ సినిమాలో ఆంటోనియో బాండెరాస్ పాడే మరియాచీ పాట వెనక ఉన్నది వీళ్ళే. ఆ సినిమా సంగీతంలోని వాద్య రచనకు ఇంకో గ్రామీ వచ్చింది. బాబ్ డిలన్ 2009 రికార్డు ‘టుగెదర్ త్రూ లైఫ్’ నిండా వినిపించే అకార్డియన్ హిడాల్గోదే. తాతకు, మనవడికి, సినిమాకు, మహాకవికి ఒకే శ్రద్ధతో వాయించారు. ఈ లక్షణం రికార్డు స్టూడియోల్లో అబ్బదు, పెరటి విందుల్లో అబ్బుతుంది.

‘కొలోసల్ హెడ్’, ‘దిస్ టైమ్’, ‘గుడ్ మార్నింగ్ ఆజ్‌త్లాన్’, ‘ద టౌన్ అండ్ ద సిటీ’, ‘టిన్ క్యాన్ ట్రస్ట్’, ‘గేట్స్ ఆఫ్ గోల్డ్’... 1996 నుంచి 2015 దాకా వచ్చిన వీటిలో పెద్ద హిట్టు లేదు. నాసిరకం పని కూడా లేదు. 2006 నాటి ‘ద టౌన్ అండ్ ద సిటీ’ వలస మనిషి ప్రయాణాన్ని నెమ్మదిగా, బరువుగా చెప్పిన రికార్డు. దానికి రావలసినంత పేరు రాలేదని నాకు బాధ.

2021లో ‘నేటివ్ సన్స్’ వచ్చింది. ఒక్క సొంత పాట తప్ప అన్నీ లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఇతరుల పాటలే. లాలో గెరేరో ఉన్నాడు, ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌కు చెందిన థీ మిడ్‌నైటర్స్ ఉన్నారు, బ్లాస్టర్స్ ఉన్నారు. వాళ్ళ పక్కనే బీచ్ బాయ్స్, జాక్సన్ బ్రౌన్, వార్ ఉన్నారు. నదికి అటూ ఇటూ ఉన్న నగరాన్నంతా ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. దానికి మూలసంగీతాల విభాగమైన అమెరికానాలో గ్రామీ వచ్చింది. ఒకప్పుడు మెక్సికన్ అమెరికన్ అనే వేరే గదిలో బహుమతి అందుకున్నవాళ్ళకు ఇప్పుడు అమెరికా సంగీతం అన్న పేరుతోనే బహుమతి. 2021లోనే అక్కడి ప్రభుత్వ కళాసంస్థ జానపద, సంప్రదాయ కళలకు ఇచ్చే అత్యున్నత గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, వీళ్ళకు దక్కింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు 2015లో పేరు పరిశీలించారు గానీ ఎంపిక చేయలేదు.

కొత్తగా వినేవాళ్ళకు ఒక చిన్న సూచనతో ముగిస్తాను. ముందు ‘హౌ విల్ ద వుల్ఫ్ సర్వైవ్?’ వినండి, తర్వాత ‘లా పిస్తోలా ఇ ఎల్ కొరాసోన్’. ఈ రెండూ చెవికి అలవాటయ్యాకే ‘కీకో’ దగ్గరికి వెళ్ళండి. దాన్ని మాత్రం పాటల వరస మార్చకుండా, మొదటినుంచి చివరిదాకా ఒకే బిగిన వినండి. గంటలోపే అయిపోతుంది.